యూరప్ వేసవి క్లాసు: మా బిడ్డకు మస్తు పనికొచ్చింది

ఏడో తరగతి చదివే మా బిడ్డను నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ట్యూషన్ సెంటర్‌లో యూరప్ గురించిన వేసవి క్లాసుకు పంపిన. దేశాలు, రాజధానులు బట్టీ పట్టిస్తరేమో అనుకున్న. అట్ల చెయ్యలే.

యూరో నాణెం చూపించిండ్రు. ఒకవైపు అన్ని దేశాలకూ ఒకటే బొమ్మ, రెండోవైపు ఏ దేశం బొమ్మ ఆ దేశానిది. "మరి మన నల్లగొండ వైపు ఏం గీస్తరు?" అని సారు అడగంగనే పిల్లలు ఎగబడ్డరట. మా బిడ్డ పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం గీసింది, లింగం వెనక గోడ మీద కదలకుండ నిలిచే ఆ నీడతో సహా. గుండ్రటి అంచులో నీడ ఇమడక చెరిపి చెరిపి కాగితం చిరిగింది. సారు కొత్త కాగితం ఇచ్చి పక్కన కూసున్నడు, తను మాత్రం పెన్సిల్ ముట్టలే. నాకు అన్నిటికన్న నచ్చింది ఇదే.

యూరో నోట్ల మీది వంతెనలు ఊహించి గీసినవేనని, తర్వాత నెదర్లాండ్స్‌లోని స్పైకెనిస్సెలో వాటిని నిజంగనే కట్టిండ్రని నాయనమ్మకు కూడ చెప్పింది.

గోడ మీది పటం పాతది. బ్రిటన్ 2020లోనే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది, ఇప్పుడున్నవి 27 దేశాలు. పటం మార్చాలె. గది కూడ ఇరుకు. ఐదో తరగతి దాటినోళ్ళను నిశ్చింతగ పంపుండ్రి, రంగు పెన్సిళ్ళు మాత్రం ఇంటినుంచే ఇయ్యాలె.