అటక మీద నుంచి దిగివచ్చిన పాటలు: బిల్లీ జోయెల్ ‘సాంగ్స్ ఇన్ ది ఆటిక్’ సమీక్ష

అమెరికా గాయకుడు, పియానో వాద్యకారుడు బిల్లీ జోయెల్ తన చివరి పాప్ ఆల్బమ్‌ను 1993లో విడుదల చేశారు. ఆ తరువాత మూడు దశాబ్దాలలో ఆయన నుంచి వచ్చినవి ఒక శాస్త్రీయ పియానో సంకలనం, అప్పుడొకటి ఇప్పుడొకటిగా విడిపాటలు మాత్రమే. అయినా 2014 జనవరిలో న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నెలకొక కచేరీ చొప్పున ఆయన మొదలుపెట్టిన వరుస, మధ్యలో మహమ్మారి కాలపు విరామం పోగా, 2024 జూలై 25 వరకు సాగింది. ఆ వరుసలో జరిగినవి 104 కచేరీలు. అంతకు ముందు అదే వేదికపై చేసిన వాటిని కూడా కలిపితే 150. కొత్త సరుకు లేకుండానే అంత పెద్ద ప్రాంగణాన్ని పదేళ్లపాటు నింపగలిగిన అభిమానం ఎలాంటిదో, అది ఏ పాటల మీద నిలబడిందో తెలుసుకోవాలనుకునే వారికి నేను ముందుగా చేతిలో పెట్టే రికార్డు ఆయన హిట్ పాటల సంకలనం కాదు, 1981లో వెలువడిన ‘సాంగ్స్ ఇన్ ది ఆటిక్’ అనే ప్రత్యక్ష కచేరీల ఆల్బమ్.

ఈ ఆల్బమ్ పుట్టిన సందర్భమే దాని స్వభావాన్ని చెబుతుంది. 1977లో ‘ది స్ట్రేంజర్’, 1978లో ‘ఫిఫ్టీ సెకండ్ స్ట్రీట్’, 1980లో ‘గ్లాస్ హౌసెస్’ వరుసగా విజయం సాధించడంతో జోయెల్ పేరు అమెరికా అంతటా మారుమోగింది. ఆయన కచేరీలకు కొత్తగా వస్తున్న వారిలో చాలామందికి 1977కు ముందటి నాలుగు ఆల్బమ్‌లతో పరిచయం లేదు. అటువంటి వేళ ప్రత్యక్ష ఆల్బమ్ తీసుకువచ్చే గాయకుడు సాధారణంగా అప్పటికే అమ్ముడుపోయిన పాటలనే చప్పట్లు జోడించి మళ్లీ అమ్ముతాడు. జోయెల్, ఆయన నిర్మాత ఫిల్ రమోన్ అలా చేయలేదు. 1980 వేసవి యాత్రలో వేర్వేరు నగరాలలో ధ్వనిముద్రణ చేసిన కచేరీల నుంచి పదకొండు పాటలను ఎంచుకున్నారు. ఆ పదకొండూ ‘కోల్డ్ స్ప్రింగ్ హార్బర్’ (1971), ‘పియానో మ్యాన్’ (1973), ‘స్ట్రీట్‌లైఫ్ సెరెనేడ్’ (1974), ‘టర్న్‌స్టైల్స్’ (1976) అనే తొలి నాలుగు ఆల్బమ్‌లవే. ఆయనకు పర్యాయపదంగా మారిన ‘పియానో మ్యాన్’ పాట కూడా ఇందులో లేదు. అందరికీ తెలిసిన పాటను మళ్లీ వినిపించవలసిన అవసరం లేదని, ఎవరూ అడగకపోతే మరుగున పడిపోయే పాటలకే ఈ చోటు దక్కాలని నిర్ణయించుకున్నట్టు కనిపిస్తుంది. ఆ నిర్ణయాన్ని నేను ఆయన వృత్తి జీవితంలోని అత్యుత్తమమైన వాటిలో ఒకటిగా లెక్కిస్తాను.

ఈ పాటలకు రెండో అవకాశం ఎందుకు అవసరమైందో కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి ఆల్బమ్ తయారీలో టేపు ఉండవలసిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడవడం వల్ల జోయెల్ గొంతు అసలు శ్రుతి కన్నా పైకి పోయి, ఇరవై రెండేళ్ల యువకుడి గొంతు ఇంకా లేతగా, పీలగా వినబడింది. తరువాతి రెండు ఆల్బమ్‌లు లాస్ ఏంజెలెస్‌లో అక్కడి స్టూడియో వాద్యకారులతో తయారయ్యాయి. వారు నేర్పరులే, కానీ ప్రతి రాత్రీ ఆయన పక్కన నిలబడి ఆ పాటలను వాయించినవారు కారు. నాలుగో ఆల్బమ్ దగ్గరకు వచ్చేసరికి, బ్రిటిష్ గాయకుడు ఎల్టన్ జాన్ బృందంలోని వాద్యకారులతో నిర్మాత జేమ్స్ విలియం గెర్సియో చేయించిన ముద్రణలను జోయెల్ పక్కన పెట్టి, న్యూయార్క్‌కు తిరిగివచ్చి తన సొంత బృందంతో తానే నిర్మాతగా మొత్తం మళ్లీ చేశారు. ఆ ఆల్బమ్‌లో ఆయనకు అత్యంత ప్రియమైన పాటలు కొన్ని ఉన్నా, అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో అది 122వ స్థానాన్ని దాటి పైకి పోలేదు. అంటే తొలి అభిమానులు చిన్న క్లబ్బులలో విని ప్రేమించిన పాటకూ, ఇంటికి వెళ్లి రికార్డు పెట్టుకుంటే వినిపించే పాటకూ మధ్య ఒక దూరం ఉండేది. ‘సాంగ్స్ ఇన్ ది ఆటిక్’ ఆ దూరాన్ని చెరిపివేసింది. డ్రమ్స్ మీద లిబర్టీ డెవిటో, బేస్ గిటార్ మీద డగ్ స్టెగ్‌మేయర్, గిటార్ల మీద రస్సెల్ జేవర్స్, డేవిడ్ బ్రౌన్, శాక్సోఫోన్ మీద రిచీ కనాటా ఉన్న ఆ బృందం పాటను వెనక నుంచి తోస్తున్నట్టు కాక పాట లోపలి నుంచే పుట్టుకొస్తున్నట్టు వాయిస్తుంది. ముఖ్యంగా డెవిటో వాద్యంలోని దూకుడు వినకుండా జోయెల్ పియానోలోని దూకుడు పూర్తిగా అర్థం కాదు.

ఆల్బమ్ మొత్తంలో అభిమానుల పాత్ర అన్నిటికన్నా బలంగా వినిపించేది ‘కెప్టెన్ జాక్’లో. మత్తుమందు మీద ఆధారపడిన ఒక శివారు యువకుడి నిస్సారమైన జీవితం గురించిన, ఏడు నిమిషాలు సాగే ఈ పాట ఏ లెక్కన చూసినా రేడియోకు పనికిరానిది. 1972లో ఫిలడెల్ఫియాలోని డబ్ల్యూఎమ్ఎమ్ఆర్ అనే రేడియో కేంద్రం కోసం జోయెల్ అక్కడి సిగ్మా సౌండ్ స్టూడియోలో ఒక కచేరీ చేశారు. అప్పటికి ఈ పాట ఏ రికార్డు మీదా లేదు. ఆ కచేరీ టేపు నుంచి ఈ పాటను రేడియో కేంద్రం మళ్లీ మళ్లీ వినిపించింది, శ్రోతలు మళ్లీ మళ్లీ కావాలని అడిగారు. మొదటి ఆల్బమ్ ఒప్పందంలో చిక్కుకుని, లాస్ ఏంజెలెస్‌లోని ఒక బార్‌లో వేరే పేరుతో పియానో వాయించుకుంటూ రోజులు వెళ్లదీసిన మనిషి మీద కొలంబియా రికార్డు సంస్థ దృష్టి పడటానికి ఆ నగరపు శ్రోతల పట్టుదల ఒక ముఖ్య కారణం. ఈ ఆల్బమ్‌లోని ‘కెప్టెన్ జాక్’ను ముద్రించింది అదే ఫిలడెల్ఫియాలో, స్పెక్ట్రమ్ ప్రాంగణంలో. ఆ సంగతి తెలిసి వింటే, ఆ పల్లవి వచ్చినప్పుడు జోయెల్ గొంతులోని తీవ్రతకు అర్థం మారుతుంది. తనను నిలబెట్టినవారి ఎదుట, వారు నిలబెట్టిన పాటనే ఆయన పాడుతున్నారు. ఆర్గన్ కింద నుంచి నిండుగా లేస్తుండగా డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు స్టూడియో ముద్రణలో ఇంత బరువుగా లేదు. ఇది ఈ పాటకు ఉన్న అన్ని రూపాలలో నాకు శిఖరం.

మొదటి పాట ‘మయామీ 2017’ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ముద్రించినది. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచున ఉండగా కేంద్ర సహాయం ఇవ్వబోమని అధ్యక్షుడు ఫోర్డ్ చెప్పారన్న వార్త ఈ పాటకు ప్రేరణ. నగరం నాశనమైపోయిన చాలా ఏళ్లకు, ఫ్లోరిడాలో తలదాచుకున్న ఒక వృద్ధుడు దాన్ని గుర్తు చేసుకుంటున్నట్టు జోయెల్ దీన్ని అల్లారు. కాలిఫోర్నియా వదిలి తన ఊరికి తిరిగి వస్తున్న మనిషి, ఆ ఊరు మునుగుతోందని లోకమంతా అంటున్న సమయంలో రాసిన పాట ఇది. అందుకే ఇందులోని విధ్వంసపు వర్ణనలో భయం కన్నా మమకారం ఎక్కువగా ఉంటుంది. విమర్శకులు దీన్ని ఒక వింత కల్పనగా దాటవేయవచ్చు. న్యూయార్క్ శ్రోతలు మాత్రం దాన్ని తమ పాటగా దాచుకున్నారు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అక్టోబరులో అదే గార్డెన్‌లో జరిగిన సహాయ కచేరీలో జోయెల్ దీన్ని పాడినప్పుడు, 2012లో తుపాను బాధితుల కోసం మరోసారి పాడినప్పుడు, అది హిట్ పాటల పట్టికలకు సంబంధం లేని స్థాయిలో ఆ నగరపు పాటగా స్థిరపడింది. ఆ ప్రయాణం మొదలైంది ఈ ముద్రణతోనే అని నేను అనుకుంటాను. పియానో మీద నెమ్మదిగా మొదలై బృందం మొత్తం పరుగందుకునే ఆ క్షణం, ఒక ఆల్బమ్‌ను తెరవడానికి ఇంతకన్నా మంచి ద్వారం ఉండదనిపిస్తుంది.

చిన్న క్లబ్బులలో ముద్రించిన పాటలలో ఇంకొక రకమైన ఆత్మీయత ఉంది. బోస్టన్‌లోని ప్యారడైజ్ క్లబ్బులో పాడిన ‘షీ ఈజ్ గాట్ ఎ వే’లో పియానో, గొంతు తప్ప దాదాపు మరేమీ అవసరం పడలేదు. పదేళ్ల కిందట వేగపు పొరపాటుతో పాడైన మొదటి ఆల్బమ్‌లోని పాట ఇది. ముప్పై ఏళ్లు దాటిన గొంతు ఆ అమాయకమైన ప్రేమను కొంచెం ఆలోచించి, కొంచెం తగ్గి పలికినప్పుడు పాటకు కొత్త నమ్మకం వచ్చింది. విడిపాటగా ఇది 23వ స్థానానికి, ‘సే గుడ్‌బై టు హాలీవుడ్’ 17వ స్థానానికి చేరాయి. మొదట వచ్చినప్పుడు రెండూ ఎవరికీ పట్టని పాటలే. వాషింగ్టన్‌లోని బేయూ క్లబ్బులో పాడిన ‘సమ్మర్, హైలాండ్ ఫాల్స్’ను నేను జోయెల్ రాసిన అతి మంచి పాటలలో ఒకటిగా భావిస్తాను. మనసు ఉల్లాసానికీ విషాదానికీ మధ్య ఊగిసలాడే స్థితి గురించిన ఈ పాటలో, ఎడతెగక పారే పియానో స్వరాలు ఎక్కడా పూర్తిగా కుదుటపడవు. చెప్పే విషయాన్ని చేతివేళ్లు కూడా చెబుతున్నాయి. పియానో నేర్చుకున్న అభిమానులు ఆయన పాటలలో దేనినైనా తమ వేళ్లతో పలికించి చూడాలనుకుంటే తరచుగా దీని దగ్గరకే రావడంలో ఆశ్చర్యం లేదు.

మిగిలిన వాటిలో ‘ది బ్యాలడ్ ఆఫ్ బిల్లీ ది కిడ్’ చారిత్రకంగా తప్పుల తడక. పాటలో చెప్పినట్టు ఆ పేరున్న అసలు బందిపోటును ఉరితీయలేదు, కాల్చి చంపారు. చివరి చరణంలో కథ ఉన్నట్టుండి లాంగ్ ఐలండ్‌లోని ఆయిస్టర్ బేకు దూకుతుంది. అయినా బృందం దీన్ని కౌబాయ్ సినిమా సంగీతంలా ఉర్రూతలూగించి వాయిస్తుంది కనుక చరిత్ర గుర్తుకు రాదు. ‘యూ ఆర్ మై హోమ్’ నిరాడంబరంగా, హాయిగా ఉంటుంది. ‘లాస్ ఏంజెలీనోస్’ ఎంత ఉత్సాహంగా వాయించినా నాకు బలహీనమైన పాటగానే మిగిలింది.

ఆల్బమ్‌లో నాకు నిజంగా వెలితిగా తోచేది వేరే ఉంది. పాటలు ఎన్నో నగరాల నుంచి ఏరి కూర్చినవి కావడం వల్ల ఒక రాత్రి మొదలై ముగిసిన అనుభవం కలగదు. పాటకూ పాటకూ మధ్య జోయెల్ మాటలు వినిపించవు. కచేరీలలో ఆయన మాటకారితనం, ఇతర గాయకులను అనుకరించి నవ్వించే తీరు అభిమానులకు పాటలతో సమానంగా ఇష్టమైనవి; వాటి జాడ ఇక్కడ లేదు. ఆ లోటు తీరాలంటే 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేట్ అమెరికన్ మ్యూజిక్ హాల్‌లో చేసిన కచేరీని వినాలి. అది రికార్డుగా వెలువడింది 2021లో.

ఇంకొక సంగతి కూడా ఈ ఆల్బమ్ గురించి మాట్లాడేటప్పుడు చెప్పితీరాలి. అభిమానుల పట్ల ఇది ఆయన ఒక్కసారి చూపిన మర్యాద కాదు. గార్డెన్ కచేరీల కాలంలో జోయెల్ రెండు పాటల పేర్లు చెప్పి, ఏది కావాలో జనం కేకలతో తేల్చుకోనిచ్చేవారు. వేదిక ముందరి వరుస టికెట్లను అమ్మకుండా ఉంచి, వెనుక చవక సీట్లలో ఉన్న అభిమానులను అక్కడికి పిలిపించి కూర్చోబెట్టేవారు. డబ్బు పెట్టి ముందు కూర్చుని, చేతులు కట్టుకుని చూసేవారి ముఖాలు తనకు అక్కరలేదని ఆయన బాహాటంగానే చెప్పారు. అభిమానులు కూడా ఈ మర్యాదను తిరిగి చెల్లించారు. ‘ది స్ట్రేంజర్’లోని ‘వియెన్నా’ తన కాలంలో హిట్ కాదు, ఒక విడిపాటకు వెనుక వైపు ముద్రించిన పాట మాత్రమే. ఈ రోజు ఆయన పుట్టుకకు రెండు తరాల తరువాత పుట్టినవారు అన్నిటికన్నా ఎక్కువగా వింటున్న ఆయన పాటలలో అది ఒకటి. ఏ ప్రచారమూ లేకుండా పాటను తాము ఎంచుకుని, తాము బతికించుకుని, గాయకుడి చేత మళ్లీ పాడించుకునే ఈ అలవాటుకు ‘సాంగ్స్ ఇన్ ది ఆటిక్’ తొలి పెద్ద రుజువు. అప్పట్లో అమెరికా పట్టికలో ఎనిమిదో స్థానం దక్కడం ఆ కోరిక కొద్దిమందిది కాదని చూపించింది.

2025 మే నెలలో తనకు నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అనే మెదడు వ్యాధి ఉన్నట్టు నిర్ధారణ అయిందని జోయెల్ వెల్లడించి, ముందే ప్రకటించిన కచేరీలన్నిటినీ రద్దు చేసుకున్నారు. ఆయనను వేదికపై చూడని వారికి ఇటువంటి ముద్రణల విలువ ఇప్పుడు మరింత పెరిగింది. కొనదలచినవారికి నా సలహా ఇది. వినైల్ రికార్డు మీద వినగలిగితే మంచిది, ఎందుకంటే ఈ పాటల క్రమాన్ని కూర్చింది రెండు వైపులున్న రికార్డు కోసం. పాటల గురించి జోయెల్ స్వయంగా రాసిన మాటలు ఉన్న ప్రతినే వెతకండి. అవి లేకుండా వింటే సగం సందర్భం పోతుంది. హెడ్‌ఫోన్లలో కన్నా గదిలో కొంచెం గట్టిగా పెట్టుకుంటేనే డ్రమ్స్ ఊపు తెలుస్తుంది. ఒకవేళ ‘కోల్డ్ స్ప్రింగ్ హార్బర్’తో పోల్చి చూడాలనిపిస్తే, 1983లో వేగాన్ని సరిచేసి మళ్లీ విడుదల చేసిన రూపాన్ని కాక 1971 నాటి ప్రతిని వినండి; ఈ ప్రత్యక్ష ముద్రణ ఏ పాటను ఎక్కడ నుంచి ఎక్కడికి తెచ్చిందో దానితో పోల్చినప్పుడే స్పష్టంగా తెలుస్తుంది.