సోలార్ ఫౌంటెన్: నీళ్లపై తేలే రకమా, విడి ప్యానెల్‌దా?

తేలే రకంలో ప్యానెల్, పంపు ఒకే బిళ్లలో ఉంటాయి. నీళ్లలో వదిలితే చాలు, వైరు పని లేదు. సాధారణంగా 1 నుంచి 3 వాట్ల లోపే కాబట్టి ధార చిన్నది. పక్షులు నీళ్లు తాగే పళ్లేనికి అది సరిపోతుంది. చిక్కంతా ఎండతోనే. ప్యానెల్‌కి ఎండ కావాలంటే తొట్టి కూడా ఎండలోనే ఉండాలి. అక్కడ నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, పాచి తొందరగా పడుతుంది. పైగా బిళ్ల గాలికి అంచుకు కొట్టుకుపోయి నీళ్లను బయటికి చిమ్ముతుంది. తొట్టి ఖాళీ అయ్యాక పంపు ఉత్తినే తిరిగితే కాలిపోవచ్చు. సన్నని దారంతో రాయికి కట్టి మధ్యలో నిలపండి.

విడి ప్యానెల్ రకంలో తొట్టిని చెట్టు నీడలో పెట్టి, ప్యానెల్‌ని కేబుల్ అందినంత దూరంలో ఎండకు వాల్చి పెట్టొచ్చు. నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే కూర్చుని నీటి చప్పుడు వినాలనిపించేది నీడలోనే కదా! 10 వాట్ల ప్యానెల్ అయితే ధార బాగానే లేస్తుంది. కొనేముందు పంపు నీటిని ఎంత ఎత్తుకు ఎక్కించగలదో చూడండి. ఎత్తు పెరిగేకొద్దీ వచ్చే నీళ్లు తగ్గుతాయి.

బ్యాటరీ లేకపోతే మబ్బు పట్టగానే రెండూ ఆగిపోతాయి. రాత్రి నీళ్లు కదలవు కాబట్టి దోమల టెన్షన్ తప్పదు. చేపలు లేని తొట్టిలో వారానికోసారి నీళ్లు పారబోసి, గోడలు రుద్ది మళ్లీ నింపండి. అప్పుడే పంపు జల్లెడ కూడా కడిగేయండి.