ఫ్రైట్‌ఫెస్ట్: లండన్‌లో దయ్యాల జాతర
ఆగస్టు చివరి వారాంతం సెలవులకు మావాళ్లు సముద్రతీరాలకు పరుగులు తీస్తే, నేను లీస్టర్ స్క్వేర్‌లోని చీకటి హాలుకు చేరతాను. 2000లో ప్రిన్స్ చార్లెస్ సినిమా హాల్లో మొదలైన ఫ్రైట్‌ఫెస్ట్ అనే హారర్ సినిమాల పండుగ ఇప్పుడు ఐదు రోజుల సందడి. నా ఓటు మాత్రం డిస్కవరీ తెరలకే. కొత్త దర్శకుల చిన్న బడ్జెట్ సినిమాలు దొరికేది అక్కడే. ఆట ముగిశాక దర్శకులే ముందుకొచ్చి ప్రశ్నలకు జవాబులిస్తారు. ఒకాయన, నెత్తురు కోసం చక్కెర పాకంలో రంగు కలిపితే షూటింగంతా చీమలతోనే సరిపోయిందని చెప్పగానే హాలు గొల్లున నవ్వింది. అన్నీ ఆణిముత్యాలు కావు, కొన్నింటికి అరగంటకే ఆవులింతలు వస్తాయి. ప్రేక్షకులు మాత్రం బంగారం: కెవ్వున అరుస్తారు గానీ ఫోను తీయరు! మొత్తం పాసు భారమనిపిస్తే విడి టికెట్లు కొనుక్కోండి. మార్చిలో గ్లాస్గోలోనూ చిన్నపాటి విడత ఉంటుంది.