టో పలకలతో ఇంట్లోనే వీల్ అలైన్‌మెంట్: చాలాకాలం వాడాక

ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం; లోపలికైతే టో ఇన్, బయటికైతే టో అవుట్) చూసుకోవడానికి ఒక జత అల్యూమినియం పలకలూ, రెండు కొలత టేపులూ చాలునని ఇదివరకు ఎవరడిగినా చెప్పేవాణ్ణి. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, ఈ పలకలు నాకు నచ్చే కారణం మాత్రం మారింది.

మొదట్లో నచ్చింది వాటి సులువే: పలకలను టైర్లకు ఆనించి, చక్రాల ముందు ఒక టేపు, వెనక ఒక టేపు అడ్డంగా లాగితే ఆ రెండు కొలతల తేడాయే మొత్తం టో. అయితే కొంతకాలానికి, టై రాడ్లను (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే, టో సర్దే కడ్డీలను) ఎవరూ ముట్టుకోకపోయినా, కొలత 3 మి.మీ. టో ఇన్ చూపించసాగింది. టో నిజంగా తప్పితే టైరు అరిగి రంపపు పళ్లలాంటి గరుకు ఏర్పడుతుంది; టైరు మీద అరచేయి అడ్డంగా రాసి చూస్తే అది ఎక్కడా తగల్లేదు. బండిని కొంత దూరం దొర్లించి సస్పెన్షన్‌ను కుదురుకోనిచ్చినా అంకె మారలేదు. అప్పుడు పలకే వంగిందేమోనని ఎడమ పలకను కుడి చక్రానికీ, కుడి పలకను ఎడమ చక్రానికీ మార్చి పెట్టాను. అలా మార్చితే పలక ముందు కొస వెనక్కి వెళ్తుంది కనుక, వంపు ఉంటే దాని దోషం తిరగబడాలి. తిరగబడింది: 3 మి.మీ. టో ఇన్ కాస్తా 1 మి.మీ. టో అవుట్ అయింది. రెంటి సగటైన 1 మి.మీ. టో ఇన్ బండిది. మిగిలిన 2 మి.మీ. పలక కొసలో కంటికి ఆనని వంపుది. కొలతలో దోషం ఎంతో తనంతట తానే బయటపెట్టే పనిముట్టు నా పెట్టెలో ఇంకొకటి లేదు.

అయితే ప్రతిసారీ పలకలు మార్చి కొలవడమంటే పని రెట్టింపే కాబట్టి, సులువన్న మాటను కొంత తగ్గించుకోవాలి. పైగా టై రాడ్ తిప్పేటప్పుడు దాని రబ్బరు తొడుగు (బూటు) మెలిపడకుండా దాని క్లిప్పు వదులు చేయడం, స్టీరింగ్ నిటారుగా నిలిచేలా రెండు వైపులా సమానంగా సర్దడం మన చేతిలోని పనులే. వెనక చక్రాలు బండిని ఏ దిక్కుకు నెడుతున్నాయో కూడా ఈ పలకలు చెప్పవు.

నా బండికి వెనక ఇరుసు సర్దుబాటు లేని రకం, ముందు కూడా టో ఒక్కటే మార్చగలిగేది, పైగా నాకు చదునైన నేల ఉంది. అందుకే ఇవి సరిపోతున్నాయి. వెనక చక్రాలకూ సర్దుబాటు ఉన్నవారికి, గుంతలో పడి ఏదో వంగిందని అనుమానం ఉన్నవారికి వీటిని సిఫారసు చేయలేను. కొత్త జత మాత్రం కొనలేదు. వంగిన కొస మీద బాణం గుర్తు గీసుకుని పాతదే వాడుతున్నాను.