చనిపోయాక వీలునామా రాసిన పూర్వీకుడు: మూడేళ్ళ చందా తర్వాత

మా అల్లుడి పూర్వీకుల్లో ఒకరు 1630ల్లో ఇంగ్లండు నుంచి మసాచుసెట్స్‌కు వలస వచ్చి, బోస్టన్‌కు దగ్గరలోని డెడమ్‌లో స్థిరపడ్డారని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. ఆ వంశక్రమాన్ని మనవరాలి కోసం రాసిపెడదామని, పాత పత్రాలను అందించే ఒక చందా వెబ్‌సైట్‌ను మూడేళ్ళుగా వాడుతున్నాను. చందా ఎంత, పత్రాలెన్ని అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. నా బాధంతా ‘ఇది మీ పూర్వీకుడిదే కావచ్చు’ అంటూ ఆ సైట్ తనంతట తాను ఇచ్చే సూచనల గురించే.

మొదటి ఏడాది ఆ సూచనలను నేనే పదిమందికీ మెచ్చుకుంటూ చెప్పాను. 1850 నుంచి అమెరికా జనాభా లెక్కల్లో బానిసలు కాని వారందరి పేర్లూ నమోదయ్యాయి కనుక, అక్కడిదాకా ఒక్క సాయంత్రంలో చేరుకున్నాను. అంతకు ముందరి లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది. చిక్కులు అక్కడ మొదలై, 1661 దగ్గర ముదిరాయి.

డెడమ్‌లో స్థిరపడిన ఆ పూర్వీకుడు 1661 అక్టోబరు 2న మరణించినట్టు సైట్ చూపించింది. వీలునామా మీద మాత్రం నవంబరు 20 అని ఉంది. చనిపోయిన ఏడు వారాలకు ఎవరూ సంతకం చేయలేరు కనుక ఇద్దరూ వేరని తేల్చుకుని, సైట్ సూచించిన మరో ఊరి మనిషిని, అదే పేరు గలవాణ్ణి, మా వంశవృక్షానికి తగిలించాను. ఏడు నెలల పాటు ఎవరి తాతముత్తాతలనో ఎంతో శ్రద్ధగా నమోదు చేశాను.

చివరికి ఒక రాత్రి అసలు పత్రం చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే, ఊరి గుమాస్తా నెల పేరే రాయలేదు. 10వ నెల, 2వ రోజు అని అంకెలు వేశాడు. 1752కు ముందు ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. నెలలకు అన్యదేవతల పేర్లు గిట్టని ప్యూరిటన్లు, అంటే అక్కడ స్థిరపడిన నిష్ఠాపరులైన క్రైస్తవులు, మార్చిని మొదటి నెలగా లెక్కించి అంకెలతో రాసేవారు. ఆ లెక్కన పదో నెల డిసెంబరు. సప్త, అష్ట, నవ, దశ అని వరసగా అనుకుంటే సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పేర్లలోనే ఆ అంకెలు వినిపిస్తాయి. ఉగాదితో ఏడాది మొదలుపెట్టే ఇంట్లో పుట్టిన నాకు ఇది తట్టకపోవడం నా తప్పే. డబ్బు తీసుకునే సైట్‌కు తట్టకపోవడాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను. ఆయన మంచాన పడి వీలునామా రాయించి, పన్నెండు రోజులకు కన్నుమూశాడు, అంతే.

ఆ చిత్రాల స్పష్టతకు మాత్రం వంక పెట్టలేను. అయితే డెడమ్ ఇప్పుడున్న నార్‌ఫోక్ కౌంటీ 1793లో గానీ ఏర్పడలేదని, అంతకు ముందరి వీలునామాలను సఫోక్ కౌంటీలో వెతకాలని సైట్ చెప్పదు, మనమే తెలుసుకోవాలి.

ఉద్యోగ విరమణ చేసి తీరిక, పాత చేతిరాతతో కుస్తీపట్టే ఓపిక ఉన్న నాబోటివాడికి చందా గిట్టుబాటు కావచ్చు. ఆ రెండూ లేనివారు ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికేవి ముందు చూసుకోవడం మేలనిపిస్తుంది. నేను సవరణ పంపి పద్నాలుగు నెలలైంది. ఆ సైట్‌లోని పదకొండు వంశవృక్షాల్లో ఆయన నేటికీ అక్టోబరులో చనిపోయి, నవంబరులో సంతకం చేస్తూనే ఉన్నాడు.