వైర్‌షార్క్‌తో పదకొండేళ్లు: ఒక నెట్‌వర్క్ ఇంజనీరు అనుభవం

ఉద్యోగంలో చేరిన మూడో నెలలో వైర్‌షార్క్ అనే నెట్‌వర్క్ పరిశీలన సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి తెరిచాను. స్టార్ట్ నొక్కీ నొక్కగానే రంగురంగుల వరుసలు గబగబా కిందికి పరుగెత్తాయి. పది సెకన్లు గడిచేసరికి వేల ప్యాకెట్లు, అంటే నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్కలు. వాటిలో ఏది చూడాలో తెలియక మూసేశాను. దాదాపు ఏడాది దాకా మళ్లీ దాని జోలికి పోలేదు. ఇప్పుడు అది తెరవని రోజంటూ నాకు లేదు. ఇన్నేళ్లలో అది నన్ను ఎక్కడ ఆదుకుందో, ఎక్కడ చేతులెత్తేసిందో, దాన్ని తప్పుగా చదివి నేను ఎక్కడ దెబ్బతిన్నానో రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నాలా ఒక ఏడాది పోగొట్టుకోకూడదు.

నెట్‌వర్క్ కార్డు గుండా వచ్చిపోయే ప్యాకెట్లను పట్టి, ఒక్కొక్కదాన్నీ పొరలు పొరలుగా విప్పి చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 1998లో జెరాల్డ్ కూంబ్స్ ఈథీరియల్ అనే పేరుతో విడుదల చేశారు. ట్రేడ్‌మార్క్ చిక్కుతో 2006లో పేరు మార్చాల్సి వచ్చింది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. లైసెన్సు గొడవ లేదు, కాబట్టి ఏ ఆఫీసు మారినా నా చేతి పనిముట్టు నాతోనే వచ్చింది.

దాని విలువ నాకు తెలిసివచ్చింది ఒక వీపీఎన్ టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లను కలిపే గుప్తమైన దారి) దగ్గర. రెండు ఆఫీసుల మధ్య కొత్త టన్నెల్ వేశాం. పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందో లేదో చూసే చిన్న పరీక్ష) చక్కగా వెళ్తోంది. లాగిన్ పేజీ తెరుచుకుంటోంది. పాస్‌వర్డ్ కొట్టాక మాత్రం తెల్ల తెర, అంతే. సర్వర్‌కి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే పద్ధతి) చేస్తే కనెక్ట్ అవుతోంది, చిన్న కమాండ్లకు జవాబు వస్తోంది, పెద్ద ఫోల్డర్ లిస్ట్ అడిగితే మాత్రం బిగుసుకుపోతోంది. రెండు రోజులు అందరం తలో దిక్కు అనుమానపడ్డాం. కొందరు బ్రౌజర్ అన్నారు, కొందరు ప్రాక్సీ అన్నారు, సర్వర్‌ని రెండుసార్లు రీస్టార్ట్ కూడా చేశారు.

మూడో రోజు రెండు చివరలా ఒకే సమయంలో క్యాప్చర్ (ప్యాకెట్లను పట్టి దాచడం) పెట్టాను. సర్వర్ వైపు చూస్తే 1460 బైట్ల సెగ్మెంట్లు (డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే టీసీపీ పద్ధతిలోని ముక్కలు) బయల్దేరుతున్నాయి. జవాబు రాక అదే సెగ్మెంటును మళ్లీ పంపుతోంది, మళ్లీ పంపుతోంది, ప్రతిసారీ మధ్య విరామం రెట్టింపవుతోంది. యూజర్ వైపు క్యాప్చర్లో ఆ పెద్ద ప్యాకెట్లు ఒక్కటి కూడా లేవు. చిన్నవన్నీ క్షేమంగా చేరుతున్నాయి. అక్కడికి చిక్కుముడి విడిపోయింది. టన్నెల్ తన సొంత హెడర్లు (ప్యాకెట్ ముందుండే చిరునామా వంటి వివరాలు) తగిలించేసరికి ప్యాకెట్ 1500 బైట్ల పరిమితి దాటిపోతోంది. ముక్కలు చేయకూడదన్న గుర్తు దాని మీద ఉంది కాబట్టి రౌటర్ దాన్ని పారేసి, "ఇంత పెద్దది పట్టదు, చిన్నది పంపు" అని ఐసీఎంపీలో (నెట్‌వర్క్ పరికరాలు లోపాల కబుర్లు చెప్పుకునే పద్ధతి) సర్వర్‌కి కబురు పెడుతోంది. టైప్ 3, కోడ్ 4 అంటే ఆ కబురే. సర్వర్ ముందున్న ఫైర్‌వాల్‌లో ఎవరో జాగ్రత్త కొద్దీ ఐసీఎంపీ మొత్తాన్నీ ఆపేశారు. కబురు చేరక సర్వర్ అదే సైజులో పంపుతూనే ఉంది.

పింగ్ ఎందుకు పనిచేసిందంటే, మామూలు పింగ్ మోసేది విండోస్‌లో 32 బైట్లు, లినక్స్‌లో 56. అంత చిన్నది ఏ సందులోంచైనా దూరిపోతుంది. ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో 1472 బైట్ల పింగ్ వేసి చూస్తే పోలేదు. ఆ 1472కి ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే సరిగ్గా 1500. తగ్గించుకుంటూ పోతే 1390 దగ్గర వెళ్లింది. రౌటర్లో టీసీపీ ఎంఎస్ఎస్‌ని (ఒక సెగ్మెంటులో పట్టే గరిష్ఠ డేటా సైజు) 1360కి కుదించి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క రకం ఐసీఎంపీని వదలమన్నాం. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకు ముందు రెండు రోజులు ఊహల్లో పోయాయి. ఆ తర్వాత నుంచీ, లింకు బాగుందని చెప్పడానికి ఎవరైనా మామూలు పింగ్ చూపిస్తే నేను ఒప్పుకోను.

నెట్‌వర్క్ వాళ్ల రోజువారీ బతుకులో ఇలాంటి గట్టి కేసులు తక్కువ. ఎక్కువగా వచ్చే టికెట్ ఒకటే: "నెట్ స్లోగా ఉంది." ఏది స్లో, ఎవరికి స్లో, ఎప్పటి నుంచి, ఏదీ ఉండదు. అప్లికేషన్ వాళ్లు "మా వైపు అంతా బాగుంది సార్, నెట్‌వర్క్ ఒకసారి చూడండి" అంటారు. మేం లింకు గ్రాఫ్ తీసి "ముప్పై శాతం కూడా వాడట్లేదు, మా వైపు బాగుంది" అంటాం. మధ్యలో యూజర్ ఎదురుచూస్తూ ఉంటారు. ఈ బంతులాట వారాల తరబడి సాగడం నేను కళ్లారా చూశాను.

ఈ సాఫ్ట్‌వేర్‌కి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. ఒకే ఒక్క టీసీపీ సంభాషణను వేరుచేసి, మూడు విరామాలు చూస్తాను. సిన్ (కనెక్షన్ కోరే మొదటి ప్యాకెట్) వెళ్లిన క్షణం నుంచి సిన్-ఏసీకే (దానికి అవతలివాళ్ల ఒప్పుదల) వచ్చేదాకా పట్టిన సమయం దారిలో పోయేది. క్లయింటు పక్కన క్యాప్చర్ పెడితే, అటూ ఇటూ ప్రయాణం మొత్తం అందులోకి వస్తుంది. రెండోది, రిక్వెస్టు అందిందని సర్వర్ చెప్పినప్పటి నుంచి జవాబులో మొదటి బైటు వచ్చేదాకా. ఇది సర్వర్ ఆలోచించుకునే సమయం. మూడోది, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా. ఒక అకౌంట్స్ అప్లికేషన్ కేసులో మొదటిది 2 మిల్లీసెకన్లు, రెండోది దాదాపు 7 సెకన్లు, మూడోది లెక్కలోకి రానంత తక్కువ. ఆ మూడు అంకెలూ, మూడు ప్యాకెట్ల స్క్రీన్‌షాటూ మెయిల్లో పెట్టాను. "తప్పు మాది కాదు" అన్న మాట రాయలేదు. మర్నాడు డేటాబేస్ వాళ్లే ఒక టేబుల్‌కి ఇండెక్స్ లేదని కనిపెట్టి సరిచేశారు. అంకెలు ముందుంటే ఎవరూ గొంతు పెంచరు.

జీరో విండో కూడా అలాంటిదే. తీసుకునే మెషీన్ "ఇంక నాకు చోటు లేదు, ఆగు" అని చెప్పే మాట అది. ఆ వరుస కనపడిందంటే దారి మీద అనుమానం తీసేసి, ఆ మెషీన్ మీద నడుస్తున్న ప్రోగ్రామును చూడమని చెప్పొచ్చు.

ఇదంతా సులువుగా అబ్బిందని అనుకోవద్దు. నేను ఘోరంగా తప్పు చదివిన సందర్భాలు రెండున్నాయి. మొదటిది చెక్‌సమ్, అంటే ప్యాకెట్ దారిలో పాడైందో లేదో తేల్చే లెక్క. ఒకసారి నా మెషీన్ నుంచి బయటికి పోయే ప్రతి ప్యాకెట్టూ చెక్‌సమ్ తప్పని చూపించింది. కేబుల్ మార్చాను, స్విచ్ పోర్టు మార్చాను, డ్రైవర్ మళ్లీ వేశాను. సాయంత్రమంతా పోయింది. అసలు సంగతేమిటంటే, ఇప్పటి నెట్‌వర్క్ కార్డులు చెక్‌సమ్ లెక్కను తమ మీద వేసుకుంటాయి. వైర్‌షార్క్ ప్యాకెట్‌ను పట్టేది అది కార్డుకు చేరకముందే. అప్పటికి ఆ లెక్క ఇంకా జరగలేదు. తప్పులన్నీ బయటికి పోయేవాటిలోనే ఉండి, లోపలికి వచ్చేవన్నీ సరిగ్గా ఉంటే అది జబ్బు కాదు. కొత్త వెర్షన్లలో టీసీపీ చెక్‌సమ్ తనిఖీ మొదటి నుంచే ఆపేసి ఉంటుంది, కాబట్టి ఈ గుంటలో ఇప్పుడు పడేవాళ్లు తక్కువ. అదే కారణంతో 1500 పరిమితి ఉన్న లింకు మీద కొన్ని వేల బైట్ల ప్యాకెట్లు కనిపించినా కంగారు పడొద్దు. వాటిని ముక్కలు చేసే పని కూడా కార్డుదే.

రెండోది ఇంకా బాధపెట్టింది. స్విచ్‌లో మిర్రర్ పోర్టు (వేరే పోర్టు ట్రాఫిక్ నకలు పంపే పోర్టు) పెట్టి, ఒక సర్వర్ ట్రాఫిక్ చూస్తున్నాను. ప్యాకెట్లు మధ్యలో మాయమవుతున్నాయి. నెట్‌వర్క్‌లో లాస్ ఉందని మీటింగులో అందరి ముందూ చెప్పేశాను. నిజానికి ఆ సర్వర్ పోర్టు ఒక గిగాబిట్, పైగా రెండు దిక్కులా నిండుగా నడుస్తోంది. రెండు దిక్కులూ కలిపి రెండు గిగాబిట్ల దాకా రావొచ్చు. దాన్ని ఒక గిగాబిట్ మిర్రర్ పోర్టులోకి పోస్తే మిగిలింది పొర్లిపోతుంది. పోయింది మిర్రర్లో, అసలు దారిలో ఏమీ పోలేదు. వైర్‌షార్క్ ఆ మాట చెబుతూనే ఉంది: చూడని సెగ్మెంటుకు ఏసీకే (అందిందన్న జవాబు) వచ్చిందని వరుసగా హెచ్చరికలు. అంటే డేటా అవతలికి చేరింది, నాకే కనబడలేదు. ఆ వరుసల అర్థం నాకు అప్పటికి తెలియదు. మర్నాడు అదే గుంపుకు నా తప్పు ఒప్పుకుంటూ మెయిల్ రాశాను. క్యాప్చర్ ఎక్కడ పెట్టామన్నది క్యాప్చర్లో ఏముందన్నంత ముఖ్యమని అప్పుడు నేర్చుకున్నాను. ముఖ్యమైన లింకుల మీద మిర్రర్ బదులు ట్యాప్ (కేబుల్ మధ్యలో పెట్టి ట్రాఫిక్ నకలు తీసే పరికరం) అడుగుతున్నది అప్పటి నుంచే.

లోపాల గురించి కూడా చెప్పాలి. రెండు రకాల ఫిల్టర్లు ఉండటం కొత్తవాళ్లను బాగా ఇబ్బంది పెడుతుంది. పట్టేముందు పెట్టే ఫిల్టర్ భాష టీసీపీడంప్ అనే పాత క్యాప్చర్ సాధనం కాలం నాటిది. పట్టాక చూడటానికి వాడే ఫిల్టర్ భాష పూర్తిగా వేరు. ఒకదానిలో రాసేది రెండోదానిలో ఎర్రగా మారుతుంది. ఇంకో పాత ఉచ్చు: ఫలానా ఐపీ కానివి చూపించు అని 'సమానం కాదు' గుర్తు పెడితే, ఆ ఐపీ ఉన్న ప్యాకెట్లు కూడా వచ్చేవి. ఎందుకంటే ప్రతి ప్యాకెట్‌లో రెండు అడ్రసులుంటాయి, వాటిలో ఒకటి వేరైతే చాలని అది అనుకునేది. 2021లో వచ్చిన 3.6 వెర్షన్‌తో అది బాగుపడింది. అప్పటిదాకా ఎన్ని తప్పు నిర్ణయాలకు అది దారి తీసి ఉంటుందో!

పెద్ద ఫైళ్లు దీని బలహీనత. కొన్ని గిగాబైట్ల క్యాప్చర్ తెరిస్తే మెమరీ అంతా మింగి కూర్చుంటుంది. ఎప్పుడో ఒకసారి వచ్చి మాయమయ్యే సమస్యను పట్టడానికి వైర్‌షార్క్ కిటికీ తెరిచి వదిలేసి ఇంటికి పోకండి. వైర్‌షార్క్‌తో పాటే వచ్చే డంప్‌క్యాప్ అనే క్యాప్చర్ ప్రోగ్రామును రింగ్ బఫర్‌తో పెట్టండి. వంద మెగాబైట్ల చొప్పున యాభై ఫైళ్లు అని చెబితే, నిండాక పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకుంటూ పోతుంది. సమస్య వచ్చిన నిమిషాన్ని యూజర్ గుర్తుపెట్టుకుంటే చాలు, ఆ ఒక్క ఫైలు తెరిస్తే సరిపోతుంది. రెండు చోట్ల పడుతున్నప్పుడు రెండు మెషీన్ల గడియారాలు ఎన్‌టీపీ అనే సమయం సరిచేసే పద్ధతితో కలిపి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

నా సెట్టింగులు కూడా చెబుతాను, ఎందుకంటే అవి లేని వైర్‌షార్క్ నాకు సగం వైర్‌షార్కే. అదే టీసీపీ సంభాషణలో వెనకటి ప్యాకెట్ నుంచి ఎంత సమయం గడిచిందో చూపే కాలమ్ ఒకటి తప్పనిసరి. పేర్లు వెతికే ఆప్షన్ ఆపేస్తాను. లేకపోతే అది చేసే డీఎన్ఎస్ ప్రశ్నలే క్యాప్చర్లో కలిసిపోతాయి. వాయిస్ కాల్స్‌కు ఒక ప్రొఫైల్, డీహెచ్‌సీపీకి (మెషీన్లకు ఐపీ అడ్రసులు పంచే పద్ధతి) ఒకటి, టీసీపీకి ఒకటి. ఒకసారి ఒక అంతస్తు మొత్తానికి తప్పుడు ఐపీలు వస్తుంటే, డీహెచ్‌సీపీ ప్రొఫైల్లో రెండు వేర్వేరు సర్వర్ల నుంచి ఆఫర్లు కనిపించాయి. రెండోది ఎవరో డెస్కు కింద తగిలించిన చిన్న వైఫై రౌటర్. దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరైన మ్యాక్ అడ్రస్ పట్టుకుని, స్విచ్ టేబుల్లో వెతికి, ఐదు నిమిషాల్లో ఆ డెస్కు దగ్గర నిలబడ్డాం. ఆ వారమే స్విచ్‌లన్నింటిలో, అనుమతి లేని డీహెచ్‌సీపీ సర్వర్లను ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టాం.

అయినా ఏ సమస్యకైనా ముందుగా తెరవాల్సింది ఇది కాదు. ఒక బ్యాకప్ లింకు రాత్రిళ్లు నెమ్మదిస్తుంటే రెండు గంటలు రీట్రాన్స్‌మిషన్లు (మళ్లీ పంపిన ప్యాకెట్లు) లెక్కపెడుతూ కూర్చున్నాను. ప్యాకెట్లు పోతున్నాయని తెలిసింది, ఎక్కడ పోతున్నాయో తెలియలేదు. సీనియర్ ఒకాయన వచ్చి "ఇంటర్‌ఫేస్ కౌంటర్లు చూశావా తమ్ముడూ?" అని అడిగారు. చూస్తే ఒక పోర్టులో సీఆర్‌సీ ఎర్రర్లు (పాడైపోయి వచ్చినవాటి లెక్క) నిమిషనిమిషానికీ పెరుగుతున్నాయి. ఫైబర్ ప్యాచ్ కార్డు కొన శుభ్రం చేసి మళ్లీ పెడితే ఆగిపోయాయి. పాడైన ఫ్రేమును (వైరు మీద ప్యాకెట్‌ను మోసే కవరు) మామూలుగా స్విచ్ అక్కడికక్కడే పారేస్తుంది, అది క్యాప్చర్ దాకా రాదు. డ్యూప్లెక్స్ (రెండు దిక్కులా ఒకేసారి పంపడమా, వంతులవారీగానా అన్న సెట్టింగు) సరిపోలకపోవడమూ అంతే, దాని జాడ పోర్టు కౌంటర్లలో దొరుకుతుంది. అందుకని ఇప్పుడు నా వరుస ఇది: లింకు లైటు, కౌంటర్లు, ఏఆర్‌పీ (ఐపీకి మ్యాక్ అడ్రస్ కనుక్కునే పద్ధతి), రూటు, పెద్ద సైజు పింగ్. వీటిలో జవాబు దొరక్కపోతేనే క్యాప్చర్.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇది ఇతరుల సంభాషణలు చూపించే సాధనం. టెల్‌నెట్, ఎఫ్‌టీపీ వంటి పాత పద్ధతుల్లో పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరి ట్రాఫిక్‌నూ పట్టకండి. ఫైలు బయటి వెండరుకి పంపాల్సి వస్తే, వైర్‌షార్క్‌తో వచ్చే ఎడిట్‌క్యాప్‌తో హెడర్లు మాత్రం ఉంచి మిగతాది కత్తిరించి పంపండి. పని అయ్యాక చెరిపేయండి.

పదకొండేళ్ల కింద నేను చూసిన ట్రాఫిక్‌లో చాలాభాగం తెరిచిన పుస్తకమే. ఇప్పుడు దాదాపు అంతా టీఎల్ఎస్ అనే గుప్తీకరణ లోపలే. టీఎల్ఎస్ 1.3లో సర్వర్ సర్టిఫికెట్ కూడా గుప్తంగా పోతుంది. అయినా టీసీపీ హెడర్లు బయటే ఉంటాయి కాబట్టి, పైన చెప్పిన మూడు విరామాల లెక్క ఇంకా పనికొస్తోంది. 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ అనే కొత్త రవాణా పద్ధతితో అదీ కష్టమైంది. యూడీపీ (చేరిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) పోర్టు 443 మీద నడిచే ఆ ప్రోటోకాల్‌లో ప్యాకెట్ నంబర్లు కూడా దాచి ఉంటాయి. ఏది మొదటిసారి వెళ్లిందో, ఏది మళ్లీ వెళ్లిందో మధ్యలో కూర్చున్నవాడికి తెలియదు. గుప్తత యూజర్‌కి మంచిదే, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు క్విక్ మీద నడిచే పేజీ గురించి ఫిర్యాదు వస్తే స్విచ్ దగ్గర క్యాప్చర్ పెట్టి లాభం లేదు. యూజర్ పక్కన కూర్చుని, వారి అనుమతితో బ్రౌజర్ తన కీలను ఒక ఫైల్లో రాసేలా పెట్టి, అక్కడే పట్టి, ఆ ఫైలును వైర్‌షార్క్‌కి ఇచ్చి తెరుస్తున్నాను. పోయిన వారం రెండు కేసులు అలాగే తేలాయి. రెండింటిలోనూ యూజర్ నా పక్కనే కూర్చుని, తమ పేజీ ఎక్కడ ఆగుతోందో తెర మీద నాతో పాటు చూశారు.