అమీర్‌పేటలో కవర్ లెటర్ రాయించుకున్నాను: రెండు ఉత్తరాలు, రెండు అనుభవాలు

అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాల్లో రెజ్యూమెలు, కవర్ లెటర్లు రాసిపెట్టే ఒక చిన్న కేంద్రానికి ఈ ఏడాది రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ చేతికందిన ఉత్తరాలకు పోలికే లేదు కనుక, అక్కడికి వెళ్లాలనుకునే ఉద్యోగార్థుల కోసం వివరంగా రాస్తున్నాను.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, జీడిమెట్లలోని ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో మూడేళ్లు పనిచేశాను. విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలోని కంపెనీలకు దరఖాస్తు చేయడానికి ఉత్తరం కావలసి వచ్చింది. మొదటిసారి కౌంటర్ దగ్గర నా రెజ్యూమె మాత్రం తీసుకొని, 500 రూపాయలు కట్టించుకొని, మరునాడు ఒక పేజీ చేతిలో పెట్టారు. ఇంగ్లీషులో తప్పులు లేవు, ముద్రణ శుభ్రంగా ఉంది. కష్టపడే స్వభావం, నలుగురితో కలిసి పనిచేసే గుణం, త్వరగా నేర్చుకునే ఆసక్తి నాకున్నాయని అందులో ఉంది. బీకాం చదివిన నా స్నేహితురాలు అకౌంట్స్ ఉద్యోగానికి అక్కడే రాయించుకున్న ఉత్తరంలోనూ మొదటి రెండు పేరాలు అక్షరం పొల్లుపోకుండా అవే.

ఆ ఉత్తరం చివర ‘దయతో అవకాశం ఇప్పించవలసినదిగా ప్రార్థన’ అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. బడిలో జ్వరం వచ్చినప్పుడు రాసిన సెలవు చీటీల ధోరణి అది. మనలో చాలామందికి మొదట నేర్పిన ఉత్తరం ఆ సెలవు చీటీయే కావడం వల్ల, ఉద్యోగం అడిగేటప్పుడు కూడా చేసిన పని చెప్పడం మాని ప్రాధేయపడతామని నాకు అనిపిస్తుంది.

ఆ ఉత్తరంతో పంపిన ఆరు దరఖాస్తులకూ జవాబు రాకపోవడంతో తిరిగి వెళ్లి అడిగాను. అప్పుడు నన్ను లోపలి గదిలో ఉన్న ఒక పెద్దావిడ దగ్గరకు పంపారు. ఆమె గతంలో ఉద్యోగ నియామకాల విభాగంలో పనిచేశారట. పాత ఉత్తరం చదివి, “ఇందులో మీరు ఎక్కడున్నారమ్మా?” అని అడిగారు. తరువాత కంపెనీ ప్రకటనను ప్రింటు తీయించి, అందులో హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి), స్టెబిలిటీ నమూనాలు (మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసేందుకు ఉంచేవి), డేటా ఇంటెగ్రిటీ (పరీక్షల లెక్కలను మార్చకుండా, సరిగ్గా ఉంచడం) అన్న మాటల కింద పెన్సిలుతో గీతలు గీసి, వాటి మీద మొత్తం నలభై నిమిషాల పాటు ప్రశ్నలు వేశారు. ఫలితం హద్దులు దాటిన సందర్భం ఎప్పుడైనా ఎదురైందా అని ఆమె అడిగినప్పుడు, ఒక మాత్ర డిసొల్యూషన్ పరీక్షలో (మాత్రలోని మందు ద్రావణంలో ఎంత వేగంగా కరుగుతుందో చూసే పరీక్ష) తప్పిన సంగతి చెప్పాను. ద్రావణంలోని గాలిని సరిగ్గా తొలగించకపోవడం వల్ల బుడగలు మాత్రకు అంటుకొని, మందు కరిగే వేగం తగ్గిందని ఆనాటి విచారణలో నేనే గుర్తించాను. రెజ్యూమెలో ఎక్కడా లేని ఆ విషయమే రెండు వాక్యాలుగా కొత్త ఉత్తరం నడుమ నిలిచింది.

అమ్మ అనారోగ్యం వల్ల ఎనిమిది నెలలు ఉద్యోగం మానేసిన విషయాన్ని దాచవద్దని, సంజాయిషీలా కాక ఒక్క వాక్యంలో చెప్పమని ఆమె సూచించారు. జీతం ప్రస్తావన తీసేశారు. ఉత్తరంలో ‘విషయం’ అన్న చోట ప్రకటనలోని ఉద్యోగ సంఖ్య వేయించారు. మొత్తం నాలుగు పేరాలు, మూడు వందల మాటలలోపే. ఆ తరువాత పంపిన నాలుగు దరఖాస్తుల్లో రెండింటికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఉత్తరం ఒక్కటే కారణమని నేను అనలేను కానీ, ఒక ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ బుడగల గురించే అడిగారు.

లోపాలూ ఉన్నాయి. ఈ రెండో ఉత్తరానికి 1,200 రూపాయలు తీసుకున్నారు, రసీదు అడిగితే తప్ప ఇవ్వలేదు. మొదటి ఉత్తరం పనికిరాలేదని తెలిసినా ఆ 500 ఇందులో తగ్గించకపోవడం అన్యాయమనే నా అభిప్రాయం. పీడీఎఫ్ మాత్రమే ఇచ్చి, కంపెనీ మారినప్పుడల్లా మరో 300 కట్టమన్నారు. నేను పట్టుబట్టి వర్డ్ ఫైలు తీసుకున్నాను, మీరూ డబ్బు కట్టేముందే ఆ మాట ఖాయం చేసుకోండి. కౌంటర్ దగ్గర రెజ్యూమె ఇచ్చి వచ్చే పద్ధతికి మాత్రం నేను ఒక్క రూపాయి కూడా పెట్టమనను. ఆ పెద్దావిడ వారానికి మూడు రోజులే వస్తారు కనుక ముందుగా ఫోనులో కనుక్కొని, మీరు దరఖాస్తు చేసే ఉద్యోగ ప్రకటన ప్రతిని వెంట తీసుకొని వెళ్లండి.